చలివేళ డీజిలు బండి కదలనిచో

మార్గశిర పుష్యమాసములలో మన్యపు గ్రామములయందు చలి తీవ్రముగ నుండును. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగియందును, ఆదిలాబాదు ప్రాంతపు పల్లెలయందును తెల్లవారుజామున ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువకు పడిపోయిన సంవత్సరములు కలవు. అట్టి వేళ పురిటినొప్పులు పడుచున్న స్త్రీని ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినదనుకొందము. ఊరిలో ఉన్నది ఒక్క డీజిలు జీపు. అది కదలనిచో ఆ ఇంటివారి ఆందోళన చెప్పనలవి కాదు.

"చలికి బండి బిగిసినది" అని ఊరకుండుట తగదు. చలి క్రొత్తగ లోపమును పుట్టించుట అరుదు. ఎండకాలమున దాగియున్న లోపమును బయటపెట్టుటయే దాని పని. వరుస తప్పక పరిశీలించినచో ఆ లోపమెచ్చట నున్నదో సామాన్యులు సైతము చాలవరకు కనుగొనవచ్చును.

డీజిలు ఇంజనుకు చలి ఏల గిట్టదు?

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనమును మండించును. జర్మనీ దేశమున రుడాల్ఫ్ డీజిల్ 1897లో జయప్రదముగ నడిపి చూపిన ఇంజనులో నిప్పురవ్వ లేదు. సిలిండరులోని గాలిని పిస్టను దాదాపు 16వ వంతునకో, 20వ వంతునకో అణచివేయును. అణగిన గాలి మిక్కిలి వేడెక్కును. అందు చిమ్మబడిన డీజిలు తనంతట మండును. చలివేళ ఇనుము ఆ వేడిని పీల్చివైచును. కావున ఇంజను కదలుటకు మూడు వలయును: చురుకైన త్రిప్పుడు, ఇంధనము, వేడి. మనము వేసికొనవలసిన ప్రశ్నలును మూడే.

1. ఇంజను చురుకుగ తిరుగుచున్నదా?

సెల్ఫు కొట్టి చెవియొగ్గి వినవలెను. ఇంజను మూలుగుచు మెల్లగ తిరిగినను, 'టక్కు'మని ఆగిపోయినను మొదట బ్యాటరీని అనుమానింపవలెను. 0 డిగ్రీల చలిలో బ్యాటరీ శక్తి సుమారు ఐదింట నాలుగు వంతులకు తగ్గును. అదే సమయమున ఇంజను నూనె చిక్కబడి త్రిప్పుట బరువగును. బండి నిలిచియున్నప్పుడు మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపును. 12.2 చూపినచో సగమే నిండియున్నదని గ్రహింపవలెను. సెల్ఫు కొట్టునపుడు 9.6కు దిగువకు పడినచో అది బలహీనమైనది. అయినను క్రొత్తది కొనుటకు ముందు తీగల కొనలకు పట్టిన చిలుమును గీకి, గట్టిగ బిగించి చూడవలెను. ఇంజనునుండి బండి చట్రమునకు పోవు తీగను మరువరాదు. పెక్కుమారులు వేల రూపాయల ఖర్చు ఇంతటితో తప్పిపోవును.

2. పొగ వచ్చుచున్నదా?

ఇంజను చురుకుగ తిరుగుచు పొగగొట్టమునుండి ఏ పొగయు రానిచో డీజిలు సిలిండరునకు చేరుటలేదని తలచవలెను. ట్యాంకులో డీజిలున్నదా? ఫిల్టరులో నీరు దిగినదా? గొట్టములలో గాలి చొరబడినదా? పగలెల్ల చక్కగ నడచి, రాత్రి నిలిపియుంచిన పిదప ఉదయమున మాత్రమే మొండికేయు బండిలో గొట్టపు అతుకువద్ద గాలి దూరి, డీజిలు వెనుకకు జారియుండవచ్చును. ఫిల్టరుపై చేతిపంపు ఉన్నచో దానిని ఒత్తి గాలిని వెడలగొట్టవలెను.

మరియొక కారణము కలదు. చలికి కొబ్బరినూనె పేరుకొన్నట్లే డీజిలులోని మైనము పేరుకొని ఫిల్టరును మూసివేయును. భారతీయ ప్రమాణముల ననుసరించి నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు అమ్ము డీజిలు 6 డిగ్రీల చలివరకు ఫిల్టరు గుండ సాగవలెను. తక్కిన నెలలలో అమ్ముదానికి ఆ హద్దు 18 డిగ్రీలు. కనుక వేసవిలో పీపాలో నింపి దాచిన డీజిలు మన్యపు చలిలో సాగునను హామీ లేదు. వేడినీట ముంచి పిండిన గుడ్డను ఫిల్టరునకు చుట్టినచో మైనము కరగును.

3. తెల్లపొగ వచ్చుచున్నదా?

ఇంజను చురుకుగ తిరుగుచు, పచ్చి డీజిలు వాసనతో తెల్లపొగ వచ్చినచో ఇంధనము చేరుచున్నది గాని మండుటలేదు. అనగా వేడి చాలదు. హీటరు ప్లగ్గులు గల బండిలో తాళము త్రిప్పి, చుట్టగుర్తు దీపము ఆరువరకు ఆగి పిమ్మట సెల్ఫు కొట్టవలెను. దీపము ఆరినంతమాత్రమున ప్లగ్గులన్నియు మంచివని కాదు. ప్లగ్గు తీగను విప్పి, 12 వోల్టుల బల్బు నుండి వచ్చు ఒక తీగను బ్యాటరీ ధనధ్రువమునకు, రెండవదానిని ప్లగ్గు కొనకు తాకించవలెను. బల్బు వెలుగనిచో ఆ ప్లగ్గు చెడినదే. అన్నియు వెలిగినచో ఫ్యూజును, రిలేను చూడవలెను. అవియు బాగున్నచో పిస్టను రింగులు అరిగి గాలి చాలినంత అణగుటలేదేమో కార్ఖానాలో పరీక్షింపవలెను. కంప్యూటరుతో నడచు నేటి బండ్లకు స్కానరు పరీక్ష కూడ అవసరము.

చేయరాని పనులు

ట్యాంకు క్రింద మంట పెట్టరాదు, ప్రాణాపాయము. హీటరు ప్లగ్గులున్న ఇంజనులోనికి ఈథరు చిమ్మరాదు. అది అదను తప్పి ప్రేలును. నేటి బండ్ల డీజిలులో కిరోసిను, పెట్రోలు కలుపరాదు. డీజిలు జిగురుతోనే నడచు పంపు అరిగిపోవును. సెల్ఫును ఒకమారు 10 సెకనులకు మించి కొట్టరాదు. నడుమ అరనిమిషము విరామమీయవలెను.

పంచాయతీ కర్తవ్యము

పంచాయతీ ట్రాక్టరునకును ఈ పరీక్షలే వర్తించును. కార్తీకమాసము ముగియకమునుపే బ్యాటరీని పరీక్షింపించి, ఫిల్టరులోని నీటిని తీయించి, హీటరు ప్లగ్గులు చూపించుట మేలు. బండి మొండికేసిన దినమున త్రిప్పుడు, పొగ, వాసన ఎట్లుండెనో పుస్తకమున వ్రాయించవలెను. ఆ మూడు మాటలు చెప్పగలిగిన సభ్యుని ముందు మెకానిక్కు అవసరములేని సామాను మార్చజాలడు. పంచాయతీ సొమ్ము మిగులును. తెల్లవారుజామున పిలుపు వచ్చినపుడు బండియు కదలును.