నొప్పి తెలియని పాదము

ఎద్దు గిట్టసందున ముల్లు దిగినయెడల అది కుంటును. రైతు దాని కాలెత్తి చూచి ముల్లు తీయును. ఎద్దునకు నోరు లేకున్నను నొప్పి దాని పక్షమున మాటలాడును. మధుమేహము, అనగా మన గ్రామములలో షుగరు అనబడు వ్యాధి, చిరకాలముగా నున్నవారిలో పలువురకు ఈ నొప్పియే నశించును. అరికాలిలో తుమ్మముల్లు విరిగినను అట్టివాడు కుంటడు. పొద్దుగూకువఱకు పొలములో తిరిగి, ఇంటికి వచ్చి సుఖముగా నిద్రించును.

రక్తములో చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగా నుండుటచే నరములు చెడును. పాదములకు పోవు నరములు మిక్కిలి పొడవైనవి గనుక, కాలువ చివరి మడికి ముందుగా నీరు తగ్గినట్లు, వానికే ముందుగా హాని కలుగును. రక్తనాళములును సన్నగిలుటచే పుండు మానుటకు వలయు రక్తము చాలదు. చుట్ట కాల్చువారికి ఈ నాళములు మఱింత త్వరగా మూసికొనిపోవును. కొందఱు తమ అరికాళ్ల మంటలు తగ్గినవని సంతోషింతురు. అది నయమగుట కాక, స్పర్శ పూర్తిగా పోవుటయు కావచ్చును.

స్పర్శ యున్నదో లేదో ఇంటిలోనే తెలిసికొనవచ్చును. ఇంగ్లండులోని ఇప్స్విచ్ పట్టణపు వైద్యులు 2011 లో ప్రకటించిన ఈ పద్ధతికి పరికరమేదియు అక్కఱలేదు. రోగి కన్నులు మూసికొనవలెను. ఇంకొకరు చూపుడువ్రేలితో అతని రెండు పాదముల బొటనవ్రేలి కొనను, నడిమివ్రేలి కొనను, చిటికెనవ్రేలి కొనను ఒక్కొక్కసారి మాత్రమే ఒకటి రెండు సెకండ్లు మెల్లగా తాకవలెను. నొక్కరాదు, తట్టరాదు. తాకినప్పుడెల్ల రోగి కుడి, ఎడమ అని చెప్పవలెను. ఆఱింటిలో రెండుగాని అంతకు మించిగాని తెలియనిచో స్పర్శ తగ్గినదని యెంచి వైద్యునికి చూపవలెను.

1946 లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు కుష్ఠరోగుల చేతులను, పాదములను పరిశీలించెను. వేళ్లు పోవుట మాంసము తనంతట తాను కుళ్లుటచే కాదనియు, స్పర్శ లేనందున లెక్కచేయక విడిచిన దెబ్బలచేతను, కాలిన గాయములచేతను అనియు ఆయన గ్రహించెను. నిద్రలో ఎలుకలు వేళ్లు కొఱికినను కొందఱు రోగులు మేల్కొనకుండిరి. వారికి పిల్లులను పెంచుకొనుడని చెప్పవలసివచ్చెను. ఆ పాఠమే పిమ్మట మధుమేహ రోగుల పాదములకును పనికివచ్చినది. ధాన్యపు బస్తాల ప్రక్కనే పండుకొను మనవారు ఈ మాట విని నవ్వి ఊరకుండరాదు.

కావున నొప్పి చేయు పనిని కన్ను చేయవలెను. ప్రతిదినము సాయంకాలము కాళ్లు కడిగి, వేళ్ల సందులు పొడిగుడ్డతో ఒత్తి, దీపపు వెలుతురున చూచుకొనవలెను. అరికాలు కనబడనిచో అద్దము క్రింద పెట్టుకొనవచ్చును, లేదా మనుమని పిలువవచ్చును. మడమ పగుళ్లకు కొబ్బరినూనె మంచిదే కాని వేళ్ల సందులలో రాయరాదు. అచ్చట చెమ్మ నిలిచిన చర్మము నాని చీలును. వేడినీళ్లలో కాళ్లు పెట్టుట, నెగడు దగ్గఱ కాచుకొనుట వలదు. ఆనెకాయలను బ్లేడుతో చెక్కుట, జిల్లేడుపాలు పోయుట మాకు తెలిసిన దురభ్యాసములలో మిక్కిలి చెడ్డవి.

పొలముపని మాట యేమని మీరడుగుదురు. స్పర్శ పోయినవాడు వట్టికాళ్లతో దమ్ములోనికి దిగరాదు; వరికొయ్యలలో నడువరాదు. ఆ పని కొడుకునకో కూలికో అప్పగించుట కష్టమే, ఖర్చే. కాని కాలు తీసివేసిన పిమ్మట ఆ కూలి ఏటేట ఇయ్యవలసియుండును. గట్టుపనికి వెనుక పట్టీగల, మెత్తని అట్టగల చెప్పులు తగినవి. వేలిపట్టీ చెప్పు ఒఱయును; జాఱిపోయినను తెలియదు. పాదములు సాయంకాలమునకు కొంత ఉబ్బును గనుక చెప్పులు ఆ వేళనే కొనవలెను. తొడుగుటకు ముందు దులిపి, లోపల చేయి పెట్టి తడవి చూడవలెను. మిట్టమధ్యాహ్నము దేవాలయపు బండలపై నడువవలసినచో దళసరి మేజోళ్లు తొడుగుకొనవలెను.

అరికాలి పుండు మందు వేసినను మానకుండుటకు తఱచు కారణము నడకయే. కాలిబాటలో గడ్డి మొలవదు. ఎరువు చల్లినను మొలవదు. మనుష్యులు ప్రక్కదారి పట్టినయెడల తనంతట మొలచును. పుండునకును అంతియే. అందుచేతనే బరువు పుండుపై పడకుండ వైద్యులు కట్టు వేయుదురు. ఆ కట్టును కోతలున్నవని మధ్యలో విప్పరాదు.

ఎఱ్ఱదనము, వాపు, చీము, దుర్వాసన, నల్లబాఱుట, వీనిలో ఏదేని కనబడినచో మఱునాటి సంతవఱకు ఆగక ఆసుపత్రికి పోవలెను. పుండు లేకున్నను ఒక్క పాదము మాత్రము వేడెక్కి వాచినయెడల లోపల ఎముకలు విఱుగుచుండవచ్చును. నొప్పి లేదుగదా యని దానిపై నడువక, ఆ దినముననే ఏదేని బండి యెక్కి వైద్యునియొద్దకు వెళ్లవలెను.