ఆంగ్లవాక్యములను మార్చి వ్రాయుటలో కర్తను గుర్తించుట

ఒకే యర్థమును సామాన్యవాక్యముగాను, సంక్లిష్టవాక్యముగాను, సంయుక్తవాక్యముగాను మార్చి వ్రాయుమని ఆంగ్లపరీక్షలలో నడుగుట మన విద్యార్థు లెల్లరు నెరిగినదే. నెస్‌ఫీల్డుగారి వ్యాకరణమును, తరువాత రెన్, మార్టిన్ అను నిరువురు కూర్చిన వ్యాకరణమును మన దేశమున ననేక తరములవారు చదివిరి. వానిలో నీ యభ్యాసములు పుటలకొలది గలవు. పిల్లలు వానిని చూచి 'ఏజ్' తీసివేసి 'బీయింగ్' పెట్టవలెననియు, 'దో' తీసివేసి 'ఇన్ స్పైట్ ఆఫ్' పెట్టవలెననియు వల్లించుదురు. వల్లించినంత వరకు మార్కులు వచ్చును. సొంతముగా నొక జాబు వ్రాయవలసి వచ్చినపుడే చిక్కు.

నేను ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన క్రొత్తలో వేరొక గ్రామమున పనిచేయుచుండగా జరిగినది చెప్పెదను. ఒక బాలుడు సెలవుచీటి తెచ్చెను. అందు, 'బీయింగ్ ఇల్, ఐ మస్ట్ టేక్ మై ఫాదర్ టు నెల్లూర్' అని యుండెను. ముందటి సాయంకాలమే వాడు చెడుగుడు ఆడుచుండగా చూచితిని. ఎదుట నిక్షేపముగా నిలిచియున్నాడు. ఆంగ్లవ్యాకరణరీత్యా ఆ వాక్యమున జబ్బుపడినవాడు 'ఐ', అనగా నా బాలుడే. అబద్ధమాడుచున్నాడని కోపించి సెలవు నిరాకరించితిని. వాడు భయపడి మారుమాట లేక బెంచిమీద కూర్చుండెను. జబ్బుపడినది వాని తండ్రి. ఇరుగుపొరుగువారు మరునాడు ఆయనను ఆసుపత్రికి చేర్చిరి. ఆయన బ్రతికెను గాని, ఒక దినము ఆలస్యమైనది. ఒక్కమాట అడిగియుండిన తెలిసియుండెడిది. అడుగకపోవుట నా తప్పు. చీటిలోని తప్పు మాత్ర మెక్కడిదని నే నాలోచింపసాగితిని.

వాడు తెలుగున ఊహించి ఆంగ్లమున వ్రాసెను. 'మా నాయనకు జబ్బుచేసి నెల్లూరు తీసికొని పోవుచున్నాను' అనినచో తెలుగున దోషము లేదు. వినువా రెవ్వరును పొరపడరు. చిన్నయసూరి తన బాలవ్యాకరణమున (1858) క్రియాపరిచ్ఛేదమందు వివరించిన క్త్వార్థకము, అనగా 'చేసి, వచ్చి, కురిసి' మొదలగు రూపము, సాధారణముగా నొకే కర్త చేసిన రెండు పనులలో మొదటిదానిని తెలుపును. 'వాడు వచ్చి కూర్చుండెను' అన్నచో వచ్చినవాడును కూర్చున్నవాడును ఒక్కడే. అయినను ఒకటి కారణము, రెండవది కార్యము అయినచోట మన భాష కర్తలు వేరైనను సహించును. 'వానలు కురిసి కాలువ పొంగెను' అని మన తోటపల్లి గూడూరులో కార్తీకమాసమున ఎవ్వరైన నందురు. కురిసినవి వానలు, పొంగినది కాలువ.

దీనినే మన విద్యార్థి, 'హావింగ్ రెయిన్డ్ హెవిలీ, ది కెనాల్ ఓవర్‌ఫ్లోడ్' అని మార్చును. ఆంగ్లేయుడు దీనిని చదివి కాలువయే కురిసినదా యని నవ్వును. ఏలయన, అతని భాషలో వాక్యారంభమందలి కర్తలేని అసమాపకక్రియ ప్రధానవాక్యపు కర్తనే వెదకికొని పట్టుకొనును. కర్త వేరైనప్పుడు దానిని పైకి చెప్పితీరవలెను. 'ది రెయిన్స్ హావింగ్ బీన్ హెవీ, ది కెనాల్ ఓవర్‌ఫ్లోడ్' అనిన సరి. ఉపవాక్యముగా నైనచో 'బికాజ్ ది రెయిన్స్ వర్ హెవీ, ది కెనాల్ ఓవర్‌ఫ్లోడ్'. సంయుక్తముగా నైనచో 'ది రెయిన్స్ వర్ హెవీ, అండ్ సో ది కెనాల్ ఓవర్‌ఫ్లోడ్'. పదబంధముతో 'ఓయింగ్ టు ది హెవీ రెయిన్స్, ది కెనాల్ ఓవర్‌ఫ్లోడ్'. నాలుగింటను వానలు కనబడుచున్నవి చూడుడు. ఆ బాలుని చీటియు నిట్లే 'మై ఫాదర్ బీయింగ్ ఇల్, ఐ మస్ట్ టేక్ హిమ్ టు నెల్లూర్' అనియో, 'ఏజ్ మై ఫాదర్ ఈజ్ ఇల్' అని మొదలిడియో యుండవలసినది. లోపించినవి రెండే మాటలు.

కావున వాక్యమును మార్చుటకు ముందు ప్రతిక్రియకును ఎదురుగా నిలిచి 'ఎవరు?' అని యడుగవలెను. ఇద్దరు తేలినచో ఇద్దరిని వ్రాయవలెను. ఉపవాక్యమునకు తనదైన కర్తయు సమాపకక్రియయు నుండును గనుక అందు కర్తను మరచుట కష్టము. పదబంధమున మరచుట సులభము. అందుచేత సందేహము గలిగినపుడు ఉపవాక్యమునే వాడుడని నేను నా విద్యార్థులకు చెప్పుచుందును. అందము తగ్గిన తగ్గనిండు. ఆంగ్లమునకు కర్తమీద నెంత పట్టుదల యనగా, 'వాన కురిసిన పంట పండును' అనుచోట 'ఇఫ్ ఇట్ రెయిన్స్' అని కురియుటకొక బొమ్మకర్తను గూడ నిలుపును.

దాగిన కర్తను బయటికి తీయవలసిన చోటు మరియొకటి గలదు. సముద్రమునకు దగ్గరి పల్లెలలో కొన్ని బావుల నీరు ఉప్పన. 'ది వాటర్ ఈజ్ టూ సాల్టీ టు డ్రింక్' అను దానిని 'సో, దట్' లతో మార్చుమన్నచో, 'ది వాటర్ ఈజ్ సో సాల్టీ దట్ వి కెనాట్ డ్రింక్ ఇట్' అని వ్రాయవలెను. మొదటి వాక్యమున త్రాగువా రెవరో చెప్పలేదు. రెండవదానిలో 'వి' వచ్చి చేరినది. త్రాగబడునది యేదో చెప్పుటకు 'ఇట్' వచ్చినది. 'నాట్' మరచిన విద్యార్థి ఉప్పునీరు సుఖముగా త్రాగించును.

ధాతుజవిశేషణముల సంగతి యింతకంటె లోతైనది. తెలుగున 'నేను పిలిచిన బాలుడు', 'నన్ను పిలిచిన బాలుడు' అందుము. మొదటిది ఆంగ్లమున 'ది బాయ్ హూమ్ ఐ కాల్డ్', రెండవది 'ది బాయ్ హూ కాల్డ్ మి'. ఇంతవరకు పిల్లలకు వచ్చును. 'నేను వరి కోసిన కొడవలి' అనగా కొడవలితో కోసితిననుట. ఆ 'తో' మనము పలుకము, వినువాడే గ్రహించును. ఆంగ్లమున దానిని వదలరాదు: 'ది సికిల్ విత్ విచ్ ఐ కట్ ది ప్యాడీ'. 'మేము నిద్రించిన యిల్లు' అనునది 'ది హౌస్ ఇన్ విచ్ వి స్లెప్ట్'. మన విభక్తి మౌనముగా నుండును, వారి విభక్తి మాటాడును. ఆర్డెను అను ఆంగ్లమతబోధకుడు 1873లో ప్రకటించిన తెలుగు వ్యాకరణమున తనవారికి దీనినే తలక్రిందుగా నేర్పవలసి వచ్చెను: 'హూ', 'విచ్' లను విడిచి, ఉపవాక్యమునంతయు నామమునకు ముందొక విశేషణముగా ముడుచుట. మన పిల్లలకు విప్పుట కష్టమైనట్లే వారికి ముడుచుట కష్టము.

'దో' తో మొదలిడిన వాక్యమున మరల 'బట్' వ్రాయుట అందరెరిగిన దోషమే, దానిని విస్తరింపను. పరోక్షకథనమున మాత్రము మరల మన ప్రశ్నయే వచ్చును. 'వాడు నేను వచ్చెదనని చెప్పెను' అనుచోట 'నేను' ఎవరు? తెలుగున 'అని' యనునది పలికినవాని మాటను పలికినట్లే నిలుపగలదు గనుక, 'నేను' సాధారణముగా ఆ చెప్పినవాడే. 'హీ సెడ్ దట్ ఐ వుడ్ కమ్' అని వ్రాసినచో రావలసినవాడు వ్రాసినవాడగును! 'హీ సెడ్ దట్ హీ వుడ్ కమ్' అనవలెను. ఈ తప్పువలన రేవుకడ రానివానికై గంటలకొలది కనిపెట్టుకొని యుండువారు గలుగుదురు.

ఇంటికడ చేయుటకు విద్యార్థులకొక వాక్య మిచ్చెదను: 'పడవ రేవు చేరి జనము దిగిరి.' దీనిని ఆంగ్లమున ఒకసారి ఉపవాక్యముతోను, ఒకసారి అసమాపకక్రియతోను, ఒకసారి 'అండ్' తోను వ్రాసి, ప్రతిక్రియ క్రిందను దాని కర్తకు గీత గీసి తెచ్చి చూపుడు.