పేరు మార్చుకోకు చంటీ

పాలకొల్లు

చిరంజీవి చంటికి,


ఇక్కడ కొబ్బరి ధర మళ్ళీ పడింది, దింపు కూలి మాత్రం పెరిగింది. మీ అమ్మమ్మ ఆ మోకాళ్ళ నొప్పులతోనే క్షీరారామం గుడికి వెళ్ళొస్తోంది. వద్దంటే నామీదే విరుచుకుపడుతోంది. నీ డిటెక్టివ్ నవల అందింది. తెల్లారేదాకా కూర్చుని చదివేశాను. బాగుందిరా. దాంతోపాటు పెట్టిన చీటీ చూశాకే ఒళ్ళు మండింది. ‘దీన్ని వేరే పేరుతో అచ్చేయిస్తాను మావయ్యా, లేకపోతే కవిగా నా పరువు పోతుంది’ అని రాస్తావా? ఎవరి దగ్గర్రా నీకంత పరువు? సరే, కోప్పడనులే. ఒక్క సంపుటి కూడా రాని కవికి ఆ బెంగ కాస్త ఎక్కువగానే ఉంటుంది.

మా రోజుల్లో డిటెక్టివ్ నవలంటే అద్దె పుస్తకాల కొట్టే. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు మా ఇంట్లో మనుషుల కిందే లెక్క. ఆఖరి పేజీలు ఎవరో చింపుకుపోయిన పుస్తకాలకు కూడా ఆ కొట్టాయన పూర్తి అద్దె పుచ్చుకునేవాడు. హంతకుడెవరో కాలవగట్టు మీద కూర్చుని మేమే తేల్చుకునేవాళ్ళం. కాలేజీలో కవులతో స్నేహాలయ్యాక మాత్రం అవేవీ చదవనట్టే నటించాను. ఆ నటన వల్ల నాకు ఒరిగిందేమీ లేదు.

నువ్వు ఆరుద్రగారి సంగతి కాస్త ఆలోచించు. విశాఖపట్నంలో 1925లో పుట్టిన మనిషి, శ్రీశ్రీకి మేనల్లుడి వరస. (నేను శ్రీశ్రీని కాననుకో, అయినా వరస వరసే.) రజాకార్ల కాలంనాటి తెలంగాణ గాయాల్లోంచి 1949లో ‘త్వమేవాహం’ తెచ్చాడు. అంత కఠినమైన కావ్యం రాసిన చేతే ‘పలకల వెండి గ్లాసు’ అని డిటెక్టివ్ నవలా రాసింది. సినిమా పాటలు రాసింది. ఆరుద్ర అన్నదీ కలంపేరే కదా అంటావేమో. అసలు పేరు భాగవతుల సదాశివ శంకర శాస్త్రి, నిజమే. కానీ కావ్యానికొకటి, హత్యకొకటి అని రెండు పేర్లు పెట్టుకోలేదుగా!

నాకైతే ఇంకో అనుమానం కూడా ఉంది. ఆయనలోని డిటెక్టివు, నవలలతోనే ఆగిపోలేదు. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ తెరిచి చూడు, పన్నెండు పదమూడు సంపుటాలు. ఏ కవి ఏ రాజు కాలంవాడు, ఈ పద్యం ఎవరిది, ఆ శాసనం ఏమంటోంది అని సాక్షుల్ని ఒక్కొక్కరినే పిలిచి అడిగినట్టుంటుంది. నేరపరిశోధన రుచి తెలిసినవాడికే ఆ ఓపిక వస్తుందని నా నమ్మకం. పండితులు ఒప్పుకోకపోతే పోనీ. సాహిత్య అకాడమీ వాళ్ళు 1987లో ‘గురజాడ గురుపీఠం’కి బహుమతి ఇచ్చినప్పుడు, నువ్వు హత్యల కథలు కూడా రాశావు కదా అని వెనక్కి తీసుకోలేదు. ఆయన ‘కూనలమ్మ పదాలు’ కూడా మళ్ళీ చదువు. మూడు పొట్టి పాదాలు, ఆపైన మకుటం. అందులోనే చెప్పాల్సింది చెప్పి తప్పుకోవాలి. నీ కవితలు మూడేసి పేజీలు ఎందుకు సాగుతున్నాయో అప్పుడు నీకే తెలుస్తుంది. నొచ్చుకోకు, మంచి మాటలు వాటిలోనూ ఉన్నాయి.

ఉద్యోగం మానేస్తానన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. ఆరుద్రగారు కూడా 1943లో వైమానిక దళంలో చేరి నాలుగేళ్ళు పనిచేశాడు. తర్వాత మద్రాసులో పత్రిక నడిపాడు, సినిమాలకు రాశాడు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదరా. దాసరి నారాయణరావుగారు, అల్లు రామలింగయ్యగారు మన ఊళ్ళోంచే వెళ్ళి పైకొచ్చారని నువ్వంటావు. వెళ్ళి, చెప్పుకోకుండా తిరిగొచ్చినవాళ్ళు ఎందరో నాకు తెలుసు. నెల జీతం వస్తుండగా రాత్రిళ్ళు రాసుకో. నిద్ర చాలదంటే ఆదివారం పడుకో.

ఇక నవల సంగతి. డచ్చివాళ్ళ సమాధుల దగ్గర శవం దొరకడం భేషుగ్గా ఉంది. కానీ ఆ అటక అధ్యాయం ఏవిట్రా? నీ హంతకుడు శనివారం నాడు అటకెక్కించిన పచ్చికాయ మంగళవారానికల్లా కురిడీ అయిపోయి గలగలమంటుందా? డొక్కతో సహా అటక మీద పడేసి నెలల తరబడి వదిలెయ్యాలి. లోపల నీళ్ళు ఇంకి, కొబ్బరి చిప్పని వదిలి గుండులా తిరగాలి. అప్పుడుగాని చెవి దగ్గర పెట్టి ఊపితే పలకదు. చిన్నప్పుడు మన అటకెక్కి నువ్వే ఊపి చూసేవాడివి, మర్చిపోయావా? హైదరాబాదు పాఠకుడు ఊరుకుంటాడేమోగాని ఇక్కడ కాయలు వలిచే కుర్రాడైనా హంతకుణ్ణి ఆ పేజీలోనే పట్టేస్తాడు.

నిజానికి ఆ తప్పు నీకు పనికొస్తుంది. కాయ పోయిన సంవత్సరంది అని తేలితే హంతకుడు ఆ ఇంటికి కొత్తవాడు కాడన్నమాట. ఆలోచించు.

ఆ అధ్యాయం తిరగరాసి పంపు. పుస్తకం మీద నీ పేరే వెయ్యి, ఇంటిపేరుతో సహా. కురిడీ సంగతి సరిచెయ్యకుండా అచ్చేయించావో, కొబ్బరి మార్కెట్లో నువ్వు నా మేనల్లుడివని చెప్పుకోను.

మీ అమ్మమ్మ సున్నుండలు చేసింది. డబ్బా మూతకి తాడు కట్టి పంపుతున్నాను, దారిలో ఊడకుండా.

మీ మావయ్య