పెరటి కోళ్లకు పేలు పడితే ఏం చేయాలి?

గోదావరి జిల్లాల్లో వానలు పట్టుకుంటే పెరటి నేల ఆరదు. కోళ్లకు పొడి మట్టిలో పొర్లే వీలుండదు. పేలు, నల్లులు పెరిగేది అప్పుడే. పెట్ట గుడ్లు తగ్గిస్తుంది, పుంజు జుట్టు పాలిపోతుంది. చాలామంది కోడికి మందు రాసి ఊరుకుంటారు. కోడికీ గూటికీ ఒకే రోజు మందు వేసి, వారం పది రోజులకు మళ్లీ వేస్తేనే ఈ బెడద వదులుతుంది.

1. ఏ పురుగో తేల్చుకోండి

పగటిపూట కోడిని ఒళ్లో పెట్టుకుని రెక్కల కింద, మలద్వారం చుట్టూ ఈకలు ఎదురు దువ్వండి. గడ్డిరంగు పురుగులు చర్మం మీద చకచకా పరుగెడితే అవి పేలు. ఈకల మొదట్లో తెల్లగా గుత్తులు కట్టినవి వాటి గుడ్లు. పేను బతుకంతా కోడి ఒంటి మీదే.

ఎర్రనల్లి పగలు గూటి సందుల్లో దాక్కుని, రాత్రి వచ్చి రక్తం తాగుతుంది. చీకటి పడ్డాక కోళ్లు పడుకునే కర్ర అడుగున తెల్లగుడ్డతో గట్టిగా తుడవండి. గుడ్డకు నెత్తుటి మరక అంటితే నల్లి ఉన్నట్టే. గోమార్లూ రాత్రి వచ్చేవే. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి, స్పైరోకీటోసిస్ అనే జ్వరాన్ని అంటిస్తాయి.

2. కోడికి మందు వేయండి

కోళ్లకు వాడదగ్గ పొడి మందు పశువైద్యుణ్ని అడిగి తీసుకోండి. గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో అప్పుడే కనుక్కోండి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, సాయంత్రం గూటికి చేరిన కోళ్లను ఒక్కొక్కటిగా పట్టుకోండి. మందును పలచటి గుడ్డలో మూటకట్టి ఈకల మొదళ్లకు చేరేలా అద్దండి. కళ్లలో, ముక్కులో పడనివ్వొద్దు. పొదిగే పెట్టను మరిచిపోవద్దు, కదలకుండా కూర్చుంటుంది కాబట్టి దానికే ఎక్కువ పడతాయి. చేలో కొట్టే పురుగుమందు ఎంత పలచన చేసినా కోడికి వాడకండి.

3. అదే రోజు గూడు శుభ్రం చేయండి

కింద పరిచిన ఊక, గడ్డి తీసి కాల్చేయండి. కర్రల మీద, సందుల్లో సలసల మరిగే నీళ్లు పోయండి. గంపలను ఎండలో పెట్టండి. గోడ పగుళ్లు పూడ్చి సున్నం కొట్టండి. గూటికని పశువైద్యుడు ఇచ్చిన మందు కూడా ఆ రోజే కొట్టండి.

4. మందు నీళ్లు కాలవలో పోయొద్దు

గూటికి కొట్టమని ఇచ్చే డెల్టామెత్రిన్ వంటి మందులు చేపలకు, రొయ్యలకు ప్రాణాంతకం. భీమవరం చుట్టుపక్కల పెరటికీ చెరువుకూ మధ్య ఒక్క గట్టే అడ్డం. డబ్బాలు కడిగిన నీళ్లు కూడా అటు పోనివ్వకండి.

5. వారం పది రోజులకు మళ్లీ వేయండి

మందుకు పేలు చస్తాయి గానీ వాటి గుడ్లు చావవు. నాలుగైదు రోజుల నుంచి వారంలోపు అవి పిల్లలవుతాయి. ఆ పిల్లలు పెరిగి గుడ్లు పెట్టకముందే రెండో విడత పడాలి.

6. పొర్లే గుంత ఏర్పాటు చేయండి

వాన పడని చూరు కింద జానెడు లోతు గుంత తీసి పొడి ఇసుక, మట్టి, జల్లించిన పొయ్యి బూడిద నింపండి.

7. కాళ్ల పొలుసులు లేస్తే

అది కాలి నల్లి పని. కాళ్లను గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి, పాత బ్రష్‌తో మెల్లగా రుద్ది, ఆరాక వ్యాజ్‌లైన్ దట్టంగా రాయండి. పొలుసులు పీకొద్దు, కిరసనాయిలు రాయొద్దు. కొన్ని వారాలు ఓపిగ్గా రాస్తూ ఉండాలి.

డాక్టరుకు ఎప్పుడు చెప్పాలి?

కోళ్లు ఉన్నట్టుండి వరసగా చనిపోతుంటే అది పేల పని అనుకోకండి. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ బయటపడింది. చచ్చిన కోడిని ముట్టుకోకుండా 1962కు ఫోన్ చేయండి. ఇక పేలు మళ్లీ రాకుండా, సంతలో కొన్న కోడిని రెండు వారాలు వేరే గంప కింద ఉంచి, ఈకలు ఎదురు దువ్వి చూశాకే మందలో వదలండి.