ముందు ఫార్మేషన్, తర్వాతే మనుషులు

చి. చిన్నాకి,

ఫిఫా వీడియోగేమ్ డ్రాఫ్ట్‌లో మొదటి మ్యాచ్‌లోనే నాలుగు గోల్స్ తిని కంట్రోలర్ విసిరేశావని మీ అమ్మ చెప్పింది. కంట్రోలర్ సంగతి మీ నాన్న చూసుకుంటాడులే. నువ్వు పంపిన టీమ్ ఫొటో చూశాను. రేటింగ్ బాగుందని స్ట్రైకర్‌ని తీసుకెళ్ళి సెంటర్ మిడ్‌ఫీల్డ్‌లో కూర్చోబెట్టావేంట్రా? చోటు తప్పితే వాడికి కెమిస్ట్రీ, అంటే జట్టుతో పొత్తు పాయింట్లు, సున్నా. పైగా వాడి లీగ్, వాడి దేశం మిగతావాళ్ళ లెక్కలోకి కూడా రావు.

నిజం ఫుట్‌బాల్‌లో అయితే భారత జట్టు కోచ్, మన హైదరాబాద్ రహీమ్ సాబ్ ఇలా ఆటగాడి చోటు మార్చే గెలిచాడు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. దక్షిణ కొరియాతో ఫైనల్ 2-1తో గెలిచాం, అందులో ఒక గోల్ జర్నైల్‌దే. కానీ సాబ్‌కి తన మనుషులెవరో ముందే తెలుసు. నీకు అలా కాదు. పెళ్ళికి ఎవరొస్తారో తెలియకముందే విస్తళ్ళు వేసినట్టు, అయిదు ఫార్మేషన్లు చూపించి ఒకటి ఎంచుకోమంటారు. కెప్టెన్ కూడా ఆ తర్వాతే వస్తాడు.

అందుకే ఎవరు వచ్చినా సర్దుకునేది తీసుకో. 4-2-3-1 కనిపిస్తే ఇక ఆలోచించకు. నీకు ఫుల్‌బ్యాక్‌లిద్దర్నీ పైకి పరిగెత్తించే జబ్బుంది కదా, వెనక ఇద్దరు డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్లు కాపు కాస్తారు. అది లేకపోతే 4-4-2. మంచి ఫుల్‌బ్యాక్‌లు దొరకడం కష్టమని కొందరు ముగ్గురు డిఫెండర్ల 3-5-2 పట్టుకుంటారు. లెక్క తప్పేం కాదు గానీ, అవతలివాడు అంచుల వెంట దూసుకొస్తే ఆపడం నీ వల్ల కాదు, ఇప్పట్లో.

యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి ఆటగాళ్ళ మధ్య ఎక్కువ కెమిస్ట్రీ గీతలు కలిసే ఫార్మేషన్ వెతుకుతున్నావేమో. ఆ గీతలు ఫిఫా 23తోనే పోయాయి. ఇప్పుడు ఒకే లీగ్ వాళ్ళు ముగ్గురైతే ఒక పాయింటు, అయిదుగురైతే రెండు, ఎనిమిదిమందైతే మూడు. వాళ్ళు మైదానంలో పక్కపక్కనే ఉండక్కర్లేదు, ఎవరి చోట వాళ్ళుంటే చాలు. ఒక ఆటగాడికి మూడుకి మించి రాదు, జట్టు మొత్తానికి 33.

ఇంకో కిటుకు. డ్రాఫ్ట్ మొదట్లో ఎంచుకున్న ఫార్మేషన్ కెమిస్ట్రీ లెక్క కోసమే. మ్యాచ్ మొదలవగానే పాజ్ కొట్టి నీకు అలవాటైన దానికి మార్చుకో, కెమిస్ట్రీ చెక్కుచెదరదు. అలాగని ప్రతిసారీ గోల్ పడగానే మార్చేయకు.

రైట్‌బ్యాక్ దగ్గర ఎంచుకోమని చూపించే అయిదు కార్డులూ నాసిగా వస్తే కంగారు పడొద్దు. బెంచీకి కూడా కార్డులు వస్తాయి, అక్కడ దొరికినవాణ్ణి లోపలికి మార్చుకోవచ్చు. ఒక్క మ్యాచ్ ఓడినా డ్రాఫ్ట్ అయిపోయినట్టే గనక తొందరపడి రెడీ నొక్కకు. ఈసారి టీమ్ కట్టాక, ఆడకముందే ఫొటో పంపు. రాత్రి తొమ్మిది దాటాక అయితే నేను ఖాళీ.

ఇట్లు,
మీ మావయ్య