బడి గడప దగ్గర ఆగి చూడండి

1. బోర్డు మీది పేరుకు కాపలా లేదు.
మారియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో, శాన్ లొరెంజో అనే పేదల వాడలో, తొలి ‘పిల్లల ఇల్లు’ తెరిచారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన టీచర్లకూ శిక్షణ ఇచ్చారు. ‘మాంటిస్సోరి’ అన్న పేరు ఎవరి సొత్తూ కాదు గనుక నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఎవరైనా బోర్డు రాయించుకోవచ్చు. నా పెద్దబిడ్డను అట్లాంటి బోర్డు చూసే చేర్పించాను. లోపల మూడేండ్ల పిల్లలు చేతులు కట్టుకుని ఏబీసీడీలు వల్లె వేస్తుండేవారు. ఆ సంగతి ఫీజు కట్టాక గాని నాకు తెలియలేదు.

2. సామాను అందాలి, అరగాలి.
అరలు పిల్లల చేతి ఎత్తులో ఉన్నాయా చూడండి. మాంటిస్సోరి సామానులో ఒకటైన గులాబీరంగు గోపురంలో పది ఘనాలుంటాయి, ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా. అవి ఆఫీసు గది అద్దాల బీరువాలో మెరుస్తుంటే మీకు చూపించడానికే పెట్టారన్న మాట. మూడు నుంచి ఆరేండ్ల వారు ఒకే గదిలో కలిసి ఉండాలి. అరగంటకోసారి గంట కొడితే పిల్ల ఏ పనిలోనూ మునగలేదు.

3. పిల్లను చదవకుండా బడిని చదవలేం.
చూసి నేర్చేవారు, విని నేర్చేవారు అని పిల్లలకు రకాలు కట్టడం ఇప్పుడు వాడుక. ఆ రకాన్ని బట్టి బోధిస్తే చదువు బాగా వస్తుందనడానికి పరిశోధనల్లో గట్టి ఆధారం దొరకలేదు. నేను ఆ ముద్రలు నమ్మను. పిల్ల ఒక్క పనిని ఎంతసేపు పట్టుకుంటుంది, రాకపోతే ఏం చేస్తుంది, పక్కపిల్ల కోసం చూస్తుందా, ఇవి గమనించండి. నా చిన్నబిడ్డ చెంబులో నీళ్లు గిన్నెలోకి, గిన్నెలోవి చెంబులోకి పోస్తూ పూటంతా గడిపేది. పెద్దదానికి తోడు, పాట, గోల కావాలి. ఇద్దరినీ ఒకే తీరుగా పెంచాలనుకున్నాను. ఆ బోర్డు బడిలో పెద్దదాని మౌనాన్ని బుద్ధిమంతురాలి లక్షణం అనుకున్నాను.

4. ఇంటి మాట బడిలో వినబడాలి.
వేలితో దిద్దే గరుకు అక్షరాలు తెలుగులో కూడా ఉన్నాయా అని అడగండి. ఇంగ్లీషే మాట్లాడాలన్న గదిలో దేవరకొండ పల్లెల పిల్ల నోరు విప్పడానికి నెలలు పడుతుంది.

5. దూరపు బడి కన్నా దగ్గరి పని మేలు.
వ్యానులో గంట ప్రయాణం మూడేండ్ల ఒంటికి భారం. అచ్చంపేట వైపు పల్లెలో ఉంటే దగ్గరి అంగన్‌వాడీకే పంపండి. ఇంట్లో పల్లికాయలు ఒలవనివ్వండి, గుండీలు తననే పెట్టుకోనివ్వండి, ఆలస్యమైనా సరే.