మేనికి పూసుకొనే ముందు



వేలూరుకు పడమట గుడియాత్తం పట్టణం ఉన్నది. పలమనేరు వైపునుండి వచ్చే కౌండిన్య నది ఈ ఊరిమీదుగానే సాగుతుంది. చేనేతకు, అగ్గిపెట్టెల పరిశ్రమకు ఈ ఊరు పేరు పొందింది. ఇక్కడ ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఒక ఇంట పెళ్లి కుదిరిందనుకోండి. నలుగురు చుట్టాలు చేరారు. పెళ్లికూతురి మేనత్త సంచిలోనుండి ఒక చిన్న తెల్లని డబ్బా తీసింది.

“రోజూ రాత్రి ఇది పూసుకోవే అమ్మాయీ! పది రోజుల్లో రంగు తేలకపోతే నన్నడుగు. ఆరు నెలలుగా నేను వాడుతున్నానుగా” అన్నది.

పెళ్లికూతురి చెల్లెలు తొమ్మిదవ తరగతి చదువుతున్నది. ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది.

“అత్తా! దీనిమీద చేసినవాళ్ల పేరే లేదే! ఇందులో ఏమేమి కలిపారు?”

“ఊళ్లో అందరూ వాడుతున్నారే. అంగడివాడు అబద్ధమాడతాడా?”

మూలన కూర్చున్న నాయనమ్మ నవ్వింది. “మా కాలంలో నలుగుపిండి తప్ప మరొకటి ఎరుగం. చెట్టునుండి వచ్చింది చేటు చెయ్యదు” అన్నది.

అందరూ వాడుతున్నారు కాబట్టి మంచిదని అత్త నమ్మకం. చెట్టునుండి వచ్చింది కాబట్టి మంచిదని నాయనమ్మ నమ్మకం. ఈ రెండు నమ్మకాలూ పరీక్షకు నిలుస్తాయో లేదో చూద్దాం.

చర్మం చేసే పని

చర్మం మన శరీరానికి గోడవంటిది. నీరు ఆవిరై పోకుండా, రోగక్రిములు లోనికి రాకుండా కాపాడుతుంది. చర్మంలోని మెలనిన్ అనే పదార్థం వల్ల మనకు రంగు వస్తుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలనుండి అది మనలను రక్షిస్తుంది. కాబట్టి నలుపు రోగం కాదు. దానికి మందు అక్కరలేదు. ఈ సంగతి మొదట గుర్తుంటే సగం మోసాలు మన గడప తొక్కవు.

అయితే పగుళ్లకు, దురదకు, ఎండకు తగిన లేపనాలు అవసరమే. వాటిని ఎన్నుకొనే ముందు ఐదు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: ఇందులో ఏమున్నది?

మన దేశంలో సౌందర్య సాధనాలకు 2020లో ప్రత్యేక నియమావళి వచ్చింది. దాని ప్రకారం డబ్బామీద తయారుచేసినవారి పేరు, చిరునామా, బ్యాచ్ సంఖ్య, లైసెన్సు సంఖ్య, ఎప్పటిలోగా వాడాలన్న గడువు ఉండాలి. కలిపిన పదార్థాల పట్టిక కూడా ఉండాలి. నూటికి ఒక పాలుకంటె ఎక్కువగా ఉన్నవాటిని ఎక్కువనుండి తక్కువకు వరుసగా వ్రాయాలి. ఏ పదార్థం పేరు చెప్పి సరుకును అమ్ముతున్నారో, ఆ పేరు పట్టిక చివర ఉంటే అది కొద్దిగానే ఉన్నదని ఊహించవచ్చు.

పట్టికే లేని డబ్బాను కొనకూడదు. పట్టికలో మెర్క్యురస్ క్లోరైడ్, కలోమెల్, అమ్మోనియేటెడ్ మెర్క్యురీ అనే పేర్లు కనిపిస్తే అది పాదరసమని తెలుసుకోవాలి. పాదరసం మెలనిన్ తయారీని అడ్డుకొంటుంది. అందువల్ల రంగు తేలినట్లు కనిపిస్తుంది. కాని అది చర్మంగుండా రక్తంలోకి చేరి మూత్రపిండాలను, నరాలను దెబ్బ తీస్తుంది. పూసుకొన్నవారికే కాక, ఇంట్లోని పసిపిల్లలకు కూడా హాని కలుగవచ్చు.

పట్టికలో దాచినా ప్రమాదమే. కేరళలోని కోట్టక్కల్‌లో వైద్యులు 2021 జులైనుండి 2023 సెప్టెంబరు వరకు ఒక రకపు మూత్రపిండాల వ్యాధితో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందికి వ్యాధి ఒకే ప్రత్యేక లక్షణంతో కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది చర్మాన్ని తెల్లబరిచే క్రీములు వాడినవారే! ఇంతమాత్రాన క్రీమే కారణమని తేల్చవచ్చునా? ఈ లెక్క ఒక్కటే చాలదు. కాని క్రీము మానివేయగా వారిలో ఎక్కువమందికి వ్యాధి తగ్గింది. పాదరసం మూత్రపిండాలకు చేటని ముందునుండీ తెలుసు. ఈ మూడు సంగతులూ కలిసినప్పుడు నిదర్శనం బలపడుతుంది.

రెండవ ప్రశ్న: ఎంత ఉన్నది?

ఏ పదార్థమైనా హాని చేసేదీ చేయనిదీ మోతాదునుబట్టి ఉంటుంది. 2020 నాటి నియమావళి ప్రకారం, కంటి చుట్టూ వాడేవి కాక తక్కిన సౌందర్య సాధనాలలో, అనుకోకుండా చేరిన పాదరసం పది లక్షల పాళ్లలో ఒక పాలుకు మించరాదు. ఇరవై గ్రాముల డబ్బాలో అది 0.02 మిల్లీగ్రాము మాత్రమే. నూటికి ఒక పాలు పాదరసం కలిపితే అదే డబ్బాలో 200 మిల్లీగ్రాములు అవుతుంది. అంటే హద్దుకు పదివేల రెట్లు!

జపాను దేశంలో మినమాటా అనే ఊరున్నది. అక్కడి సముద్రపు నీటిలో కలిసిన పాదరసం చేపలద్వారా జనానికి చేరి ఎందరినో వికలాంగులను చేసింది. ఆ వ్యాధిని 1956లో గుర్తించారు. ఆ ఊరి పేరుతోనే 2013లో దేశాలు ఒక ఒప్పందం చేసుకొన్నాయి. భారతదేశం 2018లో దానిని ఆమోదించింది. పాదరసం కలిపిన సౌందర్య సాధనాలన్నింటినీ 2025 నాటికి నిలిపివేయాలని ఆ దేశాలు 2023లో నిర్ణయించాయి.

మూడవ ప్రశ్న: ఎవరికి, ఎక్కడ, ఎంతకాలం?

నాయనమ్మ చెప్పిన నలుగుపిండిలో బావంచాలు కూడా వేస్తారు. తమిళంలో వీటినే కార్బోగరిసి అంటారు. ఈ గింజలలో సోరాలెన్ అనే పదార్థం ఉన్నది. అది చర్మంమీద ఉండగా ఎండ తగిలితే చర్మం కందుతుంది, బొబ్బలెక్కుతుంది, నల్లని మచ్చలు పడతాయి. నిమ్మరసం పూసుకొని ఎండలో తిరిగినా ఇంతే. చాకలివారు బట్టలకు గుర్తుపెట్టే నల్లజీడి కూడా చెట్టునుండి వచ్చినదే. దాని రసం తగిలితే చర్మం పుండవుతుంది. కాబట్టి చెట్టుదైనంత మాత్రాన మేలైనది కాదు.

రసాయనమైనంత మాత్రాన విషమూ కాదు. పెట్రోలియం జెల్లీ భూమిలోని నూనెనుండి తీసినదే. బాగా శుద్ధిచేసిన ఆ జెల్లీ చాలా అరుదుగా తప్ప ఎవరికీ వికటించదు. పగిలిన మడమలకు అది మంచి రక్ష.

కొన్ని మందులు సరైన చోట, సరైన కాలం వాడితే మేలు, మితిమీరితే కీడు. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అనేవి స్టెరాయిడ్ మందులు. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే మంట, దురద తగ్గిస్తాయి. తెల్లబడాలని నెలల తరబడి ముఖానికి పూస్తే చర్మం పలుచబడుతుంది, ఎర్రని నరాలు తేలుతాయి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. మానితే మంట మొదలవుతుంది. అందువల్లనే ఇటువంటి పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని ప్రభుత్వం 2018లో ఆదేశించింది.

నాలుగవ ప్రశ్న: మేలు ఋజువైనదా?

“నాకు పనిచేసింది” అన్న మాట ఋజువు కాదు. ఎండాకాలం పోయి వానలు పడితే రంగు దానంతటదే తేలవచ్చు. మొటిమలు కొన్ని వారాలకు వాటంతటవే తగ్గవచ్చు. మందు లేకపోతే ఏమయ్యేదో తెలిస్తేనే మందు గుణం తెలుస్తుంది. అందుకు పోల్చి చూడాలి.

మనకు తెలిసిన కొబ్బరినూనె సంగతే చూడండి. ఒక రకపు చర్మవ్యాధి ఉన్న 117 మంది పిల్లలను ఫిలిప్పీన్స్ దేశపు వైద్యులు రెండు జట్లుగా చేశారు. ఏ జట్టులో ఎవరుండాలో చీట్లు వేసినట్లు నిర్ణయించారు. ఒక జట్టుకు కొబ్బరినూనె, మరొక జట్టుకు ఖనిజ తైలం ఎనిమిది వారాలు పూయించారు. ఎవరికి ఏది పూస్తున్నారో కొలిచేవారికి తెలియనివ్వలేదు. కొబ్బరినూనె జట్టులో వ్యాధి తీవ్రత సగటున 68 శాతం తగ్గింది. ఖనిజ తైలం జట్టులో 38 శాతం తగ్గింది. కొబ్బరినూనెను పోల్చకుండా చూసి ఉంటే 68 శాతమంతా దాని గొప్పే అనుకొనేవారు కదా! రెండవ జట్టు ఉండబట్టి అసలు తేడా తెలిసింది.

ఐదవ ప్రశ్న: నాకు పడుతుందా?

అందరికీ పడినది ఒకరికి పడకపోవచ్చు. బొట్టుబిళ్ల వెనుక జిగురువల్ల కొందరికి నుదుట తెల్లమచ్చ పడుతుంది. గోరింటాకు నల్లగా పండాలని కలిపే రంగు మందు కొందరికి బొబ్బలెక్కిస్తుంది. కొత్త లేపనాన్ని ముంజేతి లోపలివైపు కొద్దిచోట రోజుకు రెండుసార్లు చొప్పున ఏడు రోజులు పూసి చూడాలి. దురద, ఎరుపు, పొక్కులు వస్తే మానాలి. వైద్యులు చేసే పరీక్ష ఇంకా నిక్కమైనది. అనుమానమున్న పదార్థాలను వీపుమీద అతికించి రెండు రోజుల తరువాత తీసి చూస్తారు. ఈ పద్ధతిని యాడసోన్ అనే వైద్యుడు 1895లో వెల్లడించాడు.

కాని ఒక హెచ్చరిక! ఇంటి పరీక్షలో పాదరసం పట్టుబడదు. అది దురద పుట్టించకుండానే లోన చేరుతుంది. కాబట్టి ఐదవ ప్రశ్నకు జవాబు బాగున్నంత మాత్రాన మొదటి ప్రశ్నను విడువరాదు.

వేలూరు నేర్పిన పాఠం

ఐడా స్కడ్డర్ అనే వైద్యురాలు 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యశాల ప్రారంభించింది. అదే నేటి క్రిస్టియన్ మెడికల్ కళాశాల. 1946లో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు ఈ కళాశాలకు వచ్చాడు. కుష్ఠురోగుల వ్రేళ్లు వాటంతటవే కుళ్లి రాలవని, స్పర్శ పోవడంవల్ల నొప్పి తెలియక, కాలినా తెగినా గమనించక దెబ్బతింటాయని ఆయన చూపించాడు. నొప్పి మనకు శత్రువు కాదు, కావలివాడు.

చర్మంమీది దురద, ఎరుపు, మచ్చ కూడా కావలివాని కేకలే. తామరకు స్టెరాయిడ్ పూస్తే దురద అణగుతుంది, కాని లోపల తామర పాకుతూనే ఉంటుంది. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కుష్ఠుకు గుర్తు కావచ్చు. దానిని క్రీముతో కప్పితే వైద్యం ఆలస్యమై చేయి, కాలు చెడతాయి. ఆ జబ్బుకు మందులు ప్రభుత్వాసుపత్రులలో ఉచితంగా ఇస్తారు, పూర్తిగా నయమవుతుంది.

మళ్లీ పెళ్లి ఇంటికి

చెల్లెలు ఐదు ప్రశ్నలూ ఒక కాగితంమీద వ్రాసి అత్తకు చూపింది. డబ్బా మొదటి ప్రశ్నకే నిలువలేదు. అప్పుడు అత్త నెమ్మదిగా అడిగింది.

“అమ్మాయీ, నెల రోజులుగా నా కాళ్లు వాస్తున్నాయి. నిలబడి పనిచేసినందుకే అనుకొన్నాను. ఇది దానివల్లనేమో?”

“నాకు తెలియదత్తా. మూత్రం, రక్తం పరీక్షచేస్తే డాక్టరుకు తెలుస్తుంది. డబ్బా పారవెయ్యకు. వెంట తీసుకొని పోదాం.”

పెళ్లికూతురు లేచింది. “నా పెళ్లికి నా రంగు చాలు. రేపు పొద్దున బస్సుకు నేనూ వస్తాను” అన్నది. నాయనమ్మ తన నలుగుపిండి మూటనుండి బావంచాలు ఏరి పక్కకు పెట్టసాగింది.

అభ్యాసం

అ. అర్థాలు: లేపనం = పూత మందు; మోతాదు = తగిన కొలత; వికటించు = పడక హాని చేయు; నిదర్శనం = ఋజువు చూపే సంగతి; నిక్కమైన = నిజమైన.

ఆ. ప్రశ్నలు:
1. చర్మానికి మెలనిన్ చేసే మేలు ఏమిటి?
2. “చెట్టునుండి వచ్చింది చేటు చెయ్యదు” అన్న మాట ఎందుకు పూర్తిగా నిజం కాదు? రెండు ఉదాహరణలు వ్రాయండి.
3. కొబ్బరినూనె పరీక్షలో రెండవ జట్టు ఎందుకు అవసరమైనది?
4. ముంజేతిమీద ఏ హాని లేకపోయినా ఒక లేపనం ప్రమాదకరం కావచ్చునా? ఎట్లు?
5. డబ్బాను పారవెయ్యవద్దని చెల్లెలు ఎందుకు చెప్పింది?

ఇ. భాష:
1. విగ్రహవాక్యాలు వ్రాయండి: సూర్యకాంతి, మూత్రపరీక్ష, చర్మవ్యాధి.
2. “పైన పటారం, లోన లొటారం” అన్న సామెత ఈ పాఠంలో దేనికి వర్తిస్తుంది? మూడు వాక్యాలలో వ్రాయండి.

ఈ. చేయవలసిన పని: మీ ఇంట్లో వాడే ఏవైనా మూడు లేపనాల డబ్బాలను పరిశీలించండి. తయారుచేసినవారి పేరు, లైసెన్సు సంఖ్య, గడువు, మొదటి మూడు పదార్థాలు పట్టికగా వ్రాయండి. పదార్థాల పేర్లను తెలుగులోను, తమిళంలోను ఏమంటారో పెద్దలనడిగి తెలుసుకోండి.